పసిబిడ్డల యన్నము: దానమా, ఋణమా?

అన్నదానమును మించిన దానము లేదని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ మాటకు తెలుగుదేశమున నిలువెత్తు సాక్ష్యము డొక్కా సీతమ్మగారు. 1841వ సంవత్సరమున జనించి 1909వ సంవత్సరమున పరమపదించిన ఆ యిల్లాలు కోనసీమలోని లంకల గన్నవరమున వేళకాని వేళ వచ్చిన బాటసారులకు సైతము విసుగక వండి వడ్డించినది. 2024వ సంవత్సరమున రాష్ట్రప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. ఆ వార్త విని సంతోషింపని తెలుగువాడుండడు. నేనును సంతోషించితిని. అయినను ఆ సంతోషము వెనుకనే నాకొక సందేహము పుట్టినది. దానిని ప్రాజ్ఞులగు చదువరుల యెదుట నుంచుటకే ఈ వ్యాసము.

సీతమ్మగారు పెట్టినది తన సొత్తు. బాటసారికి ఆమె బాకీపడి యుండలేదు. ఒకనాడు తలుపు మూసికొన్నను ఆమెను తప్పుపట్టుటకు ఎవరికిని హక్కు లేదు. అట్లయ్యును మూయకుండుటయే ఆమె గొప్పదనము. పాతగుంటూరు బడిలో మధ్యాహ్నవేళ పళ్లెము పట్టుకొని వరుసలో నిలుచున్న ఎనిమిదేండ్ల బిడ్డ అట్టి బాటసారియేనా? లేక తనకు రావలసిన బాకీని వసూలు చేసికొనుటకు వచ్చిన ఋణదాతయా? ఇది వట్టి మాటల పట్టింపని ఒక మిత్రుడు నాతో ననెను. నేను న్యాయవాదిని, మాటల పట్టింపే నాకు జీవనాధారము గనుక ఆయన యాక్షేపణ నన్నంతగా బాధింపలేదు. దానమైనచో దాత యిష్టమే కొలత. ఏమి పెట్టవలెనో, ఎంత పెట్టవలెనో, ఎవరు యోగ్యులో, ఎప్పుడు చాలింపవలెనో అతడే నిర్ణయించును. ఋణమైనచో కొలత మన చేతిలో నుండదు. ఈ భేదము పళ్లెములోనికి వచ్చుసరికి ఎంత పెద్దదగునో క్రమముగా మనవి చేసెదను.

నాకీ యాలోచన పుస్తకములనుండి పుట్టలేదు. కొన్నియేండ్ల క్రిందట కొందఱు మిత్రులము కలిసి గుంటూరులో కూలివారు నివసించు నొక కాలనీలో తల్లులకు ఆరోగ్యకరమైన ఆహారమును గుఱించి ఉపన్యాసములు ఏర్పాటు చేసితిమి. నా వంతు వచ్చినప్పుడు ఆకుకూరల గుణములను, పప్పులోని బలమును, బజారు పొట్లములలోని ఉప్పు నూనెల కీడును అరగంటసేపు వర్ణించితిని. ఉపన్యాసము బాగుగనే కుదిరినట్లు నాకు తోచెను. ప్రశ్నలేవైన గలవా యని యడుగగా, వెనుకవరుసలో మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొనిన యొక ముదుసలి యిట్లనెను: “బాబుగారూ, మీరు చెప్పిందంతా బాగానే వుంది. తెల్లారి నాలుగున్నరకి మిరపకోతకి ఆటో వస్తది. మళ్లీ పొద్దుగూకినాక దింపుతది. ఆ ఆకుకూర ఎవరు కడగాల, ఎవరు వండాల, మీరే చెప్పండి.”

నేనేదో చెప్పితిని. ఏమి చెప్పితినో ఇప్పుడు జ్ఞాపకము లేదు, జ్ఞాపకముంచుకొనదగినది కాదు. మఱుసటి వారము ఉపన్యాసము లేకుండ ఒక్కడనే ఆ వీధికి పోయితిని. ఆ ముదుసలి కోడలు మాఘ ఫాల్గుణ మాసములలో చుట్టుపట్ల పల్లెలకు కోతకు పోవును. కోతలు లేని దినములలో మిర్చియార్డు చుట్టునున్న శీతల గిడ్డంగుల యొద్ద ఎండుమిరపకాయలకు తొడిమలు తీయును. కిలోకు ఇంతయని కూలి. ఆ పని చేసిన చేతికంటిన ఘాటు సబ్బునకు లొంగదు. నూనె రాచినను, మజ్జిగ రాచినను చాలసేపటి వఱకు మండుచునే యుండును. ఆ చేతితో చంటిబిడ్డకు ముద్ద కలిపి పెట్టుటకు తల్లి భయపడును. అందుచేత అనేక గృహములలో బిడ్డకు ముద్ద పెట్టు చేయి నాయనమ్మదో, పదేండ్ల అక్కదో అయియుండుట చూచితిని. ‘తల్లులకు బోధ’ యని మా కరపత్రముపై అచ్చువేయించిన శీర్షిక నాకప్పుడు జ్ఞాపకము వచ్చి సిగ్గు కలిగినది.

ఆ వీధి బిడ్డ దినచర్య యిట్లుండును. ఉదయము తేనీటిలో ముంచిన బన్ను. మధ్యాహ్నము బడి యున్ననాడు బడిభోజనము. సాయంకాలము అయిదు రూపాయల పొట్లము. రాత్రి అన్నము, పచ్చడి, ఉన్ననాడు పప్పుచారు. ఈ బిడ్డ కడుపు ఖాళీగా లేదు. అందుచేతనే మనకు జాలి కలుగదు. కాని కడుపు నిండుట వేఱు, ఒడలు నిండుట వేఱు. అన్నమునందు పప్పు తక్కువై, ఆకు లేక, పాలు లేక, పైగా తేనీటిలోని వగరు ఉన్న కొద్ది యినుమును సైతము వంటబట్టనీయక, బిడ్డ పాలిపోవును. ఆ అయిదు రూపాయల పొట్లమును తల్లి అజ్ఞానముచే కొనునని నేను తలచియుంటిని. అది నా యజ్ఞానము. పండ్రెండు గంటలు బిడ్డను విడిచియున్న తల్లి వట్టిచేతులతో ఇంటికి రాజాలదు. పండు రెండవనాటికి చెడును, పొట్లము చెడదు. మూలకొట్టులో అప్పునకు దొరకును. చేతిలో పెట్టగానే బిడ్డ నవ్వును. ఆ నవ్వుతో వాదించి గెలువగల వకీలును నేనెఱుగను.

ఈ మెట్టభూములలో బిడ్డల యన్నము ఎప్పుడును ఇట్లే యుండలేదు. పల్నాటిసీమలో వరియన్నము దొరకక జొన్నకూడు తినవలసివచ్చెనని యెగతాళి చేసిన చాటువులు నేటికిని శ్రీనాథుని పేర చెప్పుకొందురు. ఒంగోలు, దర్శి, పొదిలి ప్రాంతముల మెట్టలలో సజ్జ, కొఱ్ఱ, వరిగ పండుచుండెడివి. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిరి. నీరు చేరిన చోట వరియు, నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు జొన్నచేలను త్రోసివేసినవి. 1983వ సంవత్సరమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆ బియ్యము ఎందఱి యాకలినో తీర్చినది. దానిని చులకన చేసి మాటలాడువాడు ఆకలి యెఱుగనివాడు. కాని జొన్న పోవుచు తన పరివారమును కూడ వెంటగొనిపోయినది. జొన్నచేనిలో కందిసాళ్లుండెడివి, అలసందలుండెడివి, గట్టుమీద గోగు మొలచుచుండెను. మాటిమాటికి మందు కొట్టు మిరపచేని గట్టుమీది ఆకును ఏ తల్లియు కోయదు; కోయరాదు కూడను.

పూర్వకాలమున బిడ్డలందఱు పుష్టిగా నుండిరని నేననను. 1832–33 సంవత్సరములలో ఈ గుంటూరు మండలముననే వచ్చిన డొక్కలకఱవు లక్షకు పైగా ప్రాణములను మ్రింగినది. ఆ పేరు వినినచో పూర్వకాలపు స్వర్ణయుగమును గుఱించి మాటలాడ బుద్ధి పుట్టదు. నేటి కొఱత కఱవువంటిది కాదు. కంటికి కనబడదు, ఏడువదు. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయస్సునకు తగిన యెత్తు లేనివారు. ఆఱు నెలలు నిండి అయిదేండ్లు దాటని వారిలో నూటికి 63 మంది రక్తహీనులు. రక్తహీనతపై పోరాటమునకు సాధనమగు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన అమెరికా పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అది 1945వ సంవత్సరపు మాట. సి విటమినును పెద్దమొత్తమున హంగరీ దేశపు సెగెడ్ పట్టణమున సెంట్ గ్యోర్గీ యను శాస్త్రజ్ఞుడు 1930వ దశకమున వెలికిదీసినది మన మిరప జాతికే చెందిన కాయలనుండి. ఎండిన కాయలో ఆ గుణము చాలభాగము నశించును. మన యార్డులో రాశులుపోసినది ఎండుకాయయే గనుక ఆ శాస్త్రజ్ఞుని పేరు చెప్పుకొని గర్వపడుటకు మనకంత యవకాశము లేదు.

ఇక అందఱును చేయు ఆక్షేపణకు వత్తును. బిడ్డను కన్నవారు పోషింపవలెను గదా, తండ్రి కూలిడబ్బులు త్రాగివేయుచుండగా ఆ బిడ్డకు లోకము అన్నము పెట్టినచో ఆ తండ్రికి ఇంకను చనువిచ్చినట్లు కాదా యని పెద్దమనుష్యులందురు. ఈ మాటలో సత్యాంశము లేకపోలేదు. చట్టము కూడ తండ్రినే మొదట పట్టుకొనును. 1973వ సంవత్సరపు నేరవిచారణ స్మృతిలో 125వ విభాగముగా నుండి, 2023వ సంవత్సరపు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ విభాగముగా మాఱిన మనోవర్తి నియమము అందుకొఱకే యున్నది. ఆ నియమము క్రింద ముగ్గురు బిడ్డల తల్లి పక్షమున నేనొక అర్జీ నడిపితిని. పదునాలుగు నెలలకు ఉత్తరువు వచ్చెను. నకలు చేతికిచ్చిన నాడు ఆమె పెద్దకుమారుడు తల్లి కొంగు పట్టుకొని, బడి మాని వచ్చినందున ఆనాటి గ్రుడ్డు పోయెనని నసుగుచుండెను. ఆ మాట నేను విన్నట్లు వానికి తెలియదు. ఆ పదునాలుగు నెలలు ఆ బిడ్డలకు పగటియన్నము పెట్టినది బడిపళ్లెము. నా వకాల్తానామా కాదు. తండ్రిని శిక్షించుటకు మనకు న్యాయస్థానములున్నవి, కారాగృహములున్నవి. ఆ శిక్షను బిడ్డ పళ్లెములో వడ్డింపవలసిన పని లేదు.

అయితే తండ్రి తప్పినంతమాత్రమున ఆ బాకీ మన మీదికి ఏల రావలెను? మనమే అప్పు తీసికొంటిమి? ఈ ప్రశ్నను నేను చాలకాలము త్రిప్పి త్రిప్పి చూచితిని. నాకు తోచిన సమాధానమిది. మన కూరలోని కారమును, మన యొంటిమీది నూలుబట్టను ఎవరో స్త్రీ కోసి, ఏఱి, తొడిమ తీసి మనకందించినది. దానికి మనమిచ్చిన వెలలో ఆమె దినకూలి చేరినది. ఆమె యింట లేనందున బిడ్డకు అమరని ముద్ద వెల దానిలో చేరలేదు. ఆ వెల చేర్చినచో సరుకు ప్రియమగును; చేర్చలేదు గనుకనే మనకు చవుక. ఆ తేడా ఎక్కడికి పోయినది? మన జేబులలోనే యున్నది. వ్యాపారి జేబులో కొంత, ఎగుమతిదారు జేబులో కొంత, నాబోటి వినియోగదారు జేబులో కొంత. పరుల సొమ్ము తనయొద్ద నుంచుకొని, దానిలో కొంత తిరిగి యిచ్చినప్పుడు దానిని దానమని చెప్పుకొనువానిని మా న్యాయస్థానములలో వేఱొక పేరుతో పిలుతురు.

నిజమునకు ఈ దేశపు చట్టము దీనిని ఋణముగా ఎన్నడో ఒప్పుకొన్నది. గుంటూరు మండలము మద్రాసు రాజధానిలో నున్న కాలముననే, 1920వ సంవత్సరమున, మద్రాసు నగరపాలకసంఘమువారు తమ పాఠశాలలలో పేదపిల్లలకు భోజనము పెట్టుట మొదలిడిరి. స్వాతంత్ర్యానంతరము 1956వ సంవత్సరమున కామరాజుగారును, 1982వ సంవత్సరమున రామచంద్రన్ గారును తమిళదేశమున దానిని విస్తరింపజేసిరి. ప్రభుత్వ ధాన్యాగారములు నిండియుండగా జనులు పస్తులుండుట యేమి న్యాయమని ప్రజా పౌరహక్కుల సంఘమువారు వేసిన వ్యాజ్యమున, 2001 నవంబరు 28వ తేదిని సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వపు ప్రాథమిక పాఠశాలలలో బిడ్డ బిడ్డకును వండిన అన్నము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున 2003వ సంవత్సరమున అది ఆచరణలోనికి వచ్చినది. 2013వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము దానిని శాసనబద్ధమైన హక్కుగా చేసినది. ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు. పై తరగతులవానికి 700 కేలరీలు, 20 గ్రాములు. ఇవి దాత యిష్టమునకు విడిచిన యంకెలు కావు.

శాసనము ఋణమని చెప్పినను మనము చెల్లించు తీరు భిక్ష వేయు తీరుగనే యున్నది. ఆ యన్నము వండు స్త్రీకిచ్చు నెలసరి మొత్తమును 2019వ సంవత్సరమున వేయి రూపాయలనుండి మూడు వేలకు పెంచిరి. దానికి గౌరవవేతనమని పేరు. ఆ పేరులో గౌరవము పాలు ఎక్కువ. బిల్లులు ఆలస్యమైన నెలలలో ఆమె కూరగాయలను, నూనెను కొట్టులో అరువు తెచ్చి వండును. అనగా ఆ నెలలలో రాష్ట్రమునకు అప్పిచ్చునది ఆమెయే. అరువు పెరిగిన కొలది పప్పులో నీరు పెరుగును. పలుచని పప్పును చూచి వంటవారిని తిట్టుట సులభము. నేనును ఒకనాడు తిట్టితిని. చట్టపు పండ్రెండు గ్రాములు ఆ నీటిలో ఎక్కడ కరగిపోవుచున్నవో ఆమె ఖాతాపుస్తకము చూపువఱకు నాకు తెలియలేదు. ఇక మనవంటి వారు చేయునది: కుమారుని జన్మదినమున బడికి పోయి బూందీ లడ్డు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చుట. తిథిభోజనమని దానికిప్పుడు ప్రభుత్వ ప్రోత్సాహము కూడ గలదు. తప్పు కాదు. కాని ఆ లడ్డుల ఖరీదుతో ఆ బడికి కందిపప్పు బస్తా పంపినచో ఛాయాచిత్రము అంత యందముగా రాదని మనకు భయము కాబోలు.

గ్రుడ్డు విషయమున నా స్వంత సంకటమును దాచను. మా యింట తాతలనాటినుండి గ్రుడ్డు ముట్టరు, నేనును ముట్టను. 2020వ సంవత్సరపు భోజనక్రమమున వారమునకు అయిదు గ్రుడ్లు చేర్చినప్పుడు, దానికి బదులుగా ఏదైన శాకాహారమును పెట్టుమని కోరు నొక విజ్ఞాపనపై సంతకము చేయుమని బంధువులు నాయొద్దకు తెచ్చిరి. ఆ కాగితము రెండు దినములు నా బల్లమీద నుండెను. అహింసను నేను తేలికగా తీసికొనువాడను కాను. కాని ఆ సంతకముతో నేను త్యజించునదేమి? నా పళ్లెములో గ్రుడ్డు ఏనాడును లేదు. నాకు పాలున్నవి, పెరుగున్నది, నెయ్యి యున్నది, ఇంట వండువారున్నారు. నా నియమమునకు మూల్యము నేను చెల్లించినచో అది నియమము. పరుల బిడ్డచే చెల్లింపజేసినచో దానిని ఏమనవలెను? ఒక గ్రుడ్డునందు సుమారు ఆఱు గ్రాముల మాంసకృత్తులున్నవి. దానిలో నీరు కలుపుటకు వీలులేదు, పల్చబఱచుటకు వీలులేదు, లెక్క తప్పినచో బిడ్డయే చెప్పును. తినని యింటి బిడ్డకు వేఱుగా పెట్టుట న్యాయమే. కాని తినువారి బిడ్డ ముందు నుండి నా మతము పేర తీసివేయుట నాకు సమ్మతము కాలేదు. కాగితమును సంతకము లేకయే తిరిగి పంపితిని. మా పెద్దతండ్రిగారు ఆఱు నెలలు నాతో మాటలాడలేదు.

2023 మార్చి నెలలో వారమునకు మూడుదినములు ఉదయము రాగిజావ ఇచ్చుట మొదలైనది. ఇది నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. మెట్టపంట మరల బిడ్డ నోటికి చేరుట ఒకటి. తేనీరు బన్నులకు బదులు దొరకుట ఒకటి. బియ్యముతో కలిపిన ఇనుపధాతువు గింజలను మాత్రము కొన్ని యిండ్లలో ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏఱి పాఱవేయుచున్నారు. ఆ భయమును నవ్వి త్రోసివేయరాదు. చెప్పకుండ పెట్టినది ఏదైనను అనుమానమునకే తావిచ్చును. దాత చెప్పనక్కఱలేదు, ఋణస్థుడు చెప్పి తీరవలెను.

పంక్తిని గుఱించి ఒక మాట. మన పెద్దలు సహపంక్తి భోజనములకై బహిష్కారములు పడిరి. ఆ కథలు చెప్పుకొని మనము నేటికిని పొంగిపోవుదుము. 2004 ఏప్రిలు 20వ తేదిని సర్వోన్నత న్యాయస్థానము బడివంటలకు దళితులను, షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని ముందుగా నియమింపవలెనని చెప్పినది. సంస్కర్తలు నూఱేండ్లు ఉపన్యసించి సాధింపలేని పంక్తి నేడు వేలాది బడులలో ప్రతిదినము కూర్చుండుచున్నది. అయితే ఆ పంక్తిలో మన బిడ్డలు లేరు. వారు కాన్వెంటులలో వేఱు డబ్బా విప్పుకొనుచున్నారు. సంవత్సరమునకొక పర్యాయము జరుగు మన సహపంక్తికి ఆహ్వానపత్రము అచ్చువేయింతుము. ప్రతిదినము జరుగు పంక్తికి మన బిడ్డను పంపము. నా యిద్దఱు పిల్లలను నేనును పంపలేదు. ఈ వాక్యము వ్రాయక విడిచిపెట్టుటకు చాల ప్రయత్నించితిని.

మనలను చూచి పేదవారును అట్లే చేయుచున్నారు. పాతగుంటూరు వీధులలో తొడిమలు తీయు తల్లి అప్పుచేసి ఇంగ్లీషు చదువునకై బిడ్డను ప్రైవేటు బడికి పంపును. ఆహారభద్రతా చట్టపు భోజనము ప్రభుత్వపు బడులకును, ప్రభుత్వ సహాయము పొందు బడులకును మాత్రమే గనుక, ఆ తల్లి చదువును కొనుచు అన్నమును వదలుకొనుచున్నది. ఆ చట్టముననే ‘సెలవుదినములు తప్ప’ అని యొక మాట గలదు. ఎండాకాలపు సెలవులలో బిడ్డకు ఆకలి సెలవు తీసికొనదు. కఱవు ప్రాంతములలో వేసవి సెలవులలోను పెట్టుడని 2004వ సంవత్సరపు ఉత్తరువులోనే న్యాయస్థానము చెప్పవలసి వచ్చెను. ఈ లోపములన్నిటికిని మూలమొక్కటియే. మనము బాకీని బిడ్డ పేర వ్రాయలేదు. బడి కట్టడము పేర వ్రాసితిమి.

దీనిని నాకు కంటికి కట్టినట్లు చూపినది మిరపకోతకు వచ్చు వలసకూలీల గుడారములు. కర్నూలు మండలపు పడమటి భాగమున కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు, ఆదోని ప్రాంతములనుండి పంటలు ఎండిన కుటుంబములు కోతకాలమున గుంటూరు, ప్రకాశము మండలములకు తరలివచ్చును. బిడ్డలను ఇంట విడిచిపెట్టుటకు ముసలివారున్నవారు విడిచివత్తురు. అట్టివారికై అక్కడ కోతకాలపు వసతిగృహములు కొన్ని నడుపుచున్నారు. ఎవరును లేనివారు బిడ్డలతోనే వత్తురు. తండ్రి రేషను కార్డునకు ఇప్పుడు ఏ యూరి దుకాణమునందైనను బియ్యమిత్తురు. ఆ మేరకు బియ్యము మనిషి వెంట నడచుట నేర్చినది. బిడ్డ పళ్లెము మాత్రము నడువదు. అది వాని యూరి బడిలో, వాని పేరున్న హాజరుపట్టీలో నిలిచిపోవును. వాడు మూడువందల కిలోమీటర్ల దూరమున చేనిగట్టుమీద తమ్ముని చంకనెత్తుకొని కూర్చుండును.

ప్రకాశము మండలపు పల్లె బడిలో పనిచేయు నొక ఉపాధ్యాయుడు గడచిన కోతకాలమున నాయొద్దకు వచ్చెను. బడికి కూతవేటు దూరమున గుడారములు వేసిరనియు, మధ్యాహ్నవేళ ఆ పిల్లలు ప్రహరీగోడ ప్రక్కకు వచ్చి నిలుచుచున్నారనియు, చూడలేక లోపలికి పిలిచి పెట్టుచున్నాననియు చెప్పి, తన సందేహము నడిగెను. “మొత్తము పదకొండుగురు. వీరికి పెట్టిన అన్నమును ఏ పద్దు క్రింద వ్రాయవలెనండీ? మా పట్టీలో వీరి పేర్లు లేవు. వాళ్ల యూరి పట్టీలో గైరుహాజరు. రేపు తనిఖీకి వచ్చినవారు బియ్యము లెక్క తప్పినదని నన్ను పట్టుకొందురేమో.” ఆయన ముఖమున భయము కనబడుచుండెను. జీతమే ఆధారముగా గల మనుష్యుడు. దయ చూపినందుకు దొంగ యనిపించుకొనవలసి వచ్చునేమో యని భయపడుచున్నాడు.

అదృష్టవశమున ఆ దినము నాయొద్ద సమాధానముండెను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 15వ విభాగము ప్రకారము సంవత్సరమధ్యమున వచ్చిన బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదు. 14వ విభాగము ప్రకారము పుట్టినతేదికి ఆధారము లేదని త్రిప్పిపంపరాదు. పేరు వ్రాసికొన్న క్షణమున వాడు ఆ బడి బిడ్డ; ఆ పళ్లెము వాని పళ్లెము. ఈ విభాగములను ఒక కాగితముపై వ్రాసి, క్రింద సంతకము చేసి, తనిఖీవారికి చూపుమని ఆయన చేతికిచ్చితిని. ఆ సాయంకాలమే గుడారములకు పోయి తల్లుల నడిగి పదకొండు పేర్లును వ్రాసికొనెనట. ఇద్దఱు బిడ్డల వయస్సు తల్లులకు తెలియక, ఫలానా తుఫాను ముందని ఒకతెయు, పెద్దది నడక నేర్చిన యేడని యొకతెయు చెప్పిరట. మఱునాడు పళ్లెములు చాలక కొందఱు ఇద్దఱిద్దఱు ఒకే పళ్లెమున తినిరని జాబు వ్రాసెను. గుంటూరులో రెండు డజనుల పళ్లెములు కొని బస్సులో పంపితిని.

ఏప్రిలు మొదటివారమున కోతలు ముగిసి గుడారములు లేచిపోయినవి. ఆ పేర్లను పట్టీనుండి కొట్టివేయవలెనా, వచ్చు కోతకాలమువఱకు ఉంచవలెనా యని ఆయన మరల వ్రాసినాడు. ఉంచుడనియే బదులు వ్రాసితిని.